3.21 కొనాలా 3.92 కొనాలా? ర్యామ్ 1500 కి యాక్సిల్ రేషియో వల్ల మైలేజ్ ఎంత తేడా వస్తుంది

ఫ్రిస్కో_కుర్రాడు:
అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్ ర్యామ్ 1500 పికప్ ట్రక్కు కోసం నెల నుంచి వెతుకుతున్నా, 5.7 లీటర్ల హెమీ ఇంజిన్ (ఎనిమిది సిలిండర్లు), ఎయిట్ స్పీడ్ గేర్‌బాక్స్, నాలుగు తలుపుల క్రూ క్యాబ్ 4×4. చివరికి రెండు బళ్ళు మిగిలాయి, మోడల్ ఒకటే, రేటు కూడా దాదాపు ఒకటే, తేడా అల్లా ఒకదానికి వెనక యాక్సిల్ రేషియో 3.21, ఇంకోదానికి 3.92. వారంలో అయిదు రోజులు ప్లానో ఆఫీసుకి టోల్ రోడ్ మీద ఖాళీగా వెళ్ళి రావడమే, వీకెండ్ కుదిరితే లేక్ టెక్సోమాకి బోటు, ట్రైలర్‌తో కలిపి 5000 పౌండ్లు ఉంటుందేమో. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు కాబట్టి వచ్చే ఏడాది క్యాంపర్ ట్రైలర్ తీసుకుందామని మా ఆవిడ అంటోంది. డీలర్ దగ్గర సేల్స్ అతను 3.92 జోలికి పోవద్దు గ్యాస్ (పెట్రోల్) తాగేస్తుంది అన్నాడు, ఆఫీసులో ఒకతను 3.21 తో ట్రైలర్ లాగితే ఇంజిన్ ఏడుస్తుంది అన్నాడు. వాడుతున్నవాళ్ళు చెప్పండి, మైలేజ్ తేడా నిజంగా ఎంత?

హెమీ_మామ:
నాది 3.21, 2019 మోడల్. హైవే మీద 65 మైళ్ళ స్పీడు దగ్గర క్రూజ్ పెడితే గ్యాలన్‌కి 22 మైళ్ళ దాకా చూశాను తమ్ముడూ, ఊళ్ళో 15-16. మా బావమరిదిది 3.92, అదే ఇంజిన్, అతనికి హైవేలో 20 దాటడం కష్టంగా ఉంది. ఏటా డబ్బులు మిగలాలంటే 3.21 తీసుకో. నువ్వు వారంలో ఐదు రోజులు ఖాళీగానే తిరుగుతానంటున్నావు కదా, బోటు కోసం రోజూ ఎక్కువ ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎందుకు భరించాలి?

పినియన్:
ఇద్దరి బళ్ళకీ టైర్లు ఒకటేనా, రూటు ఒకటేనా, స్పీడు ఒకటేనా తెలియకుండా 22 కి 20 కి తేడా అంతా యాక్సిల్ మీద వెయ్యకూడదు మామగారూ. లెక్క వేసి చూద్దాం.

యాక్సిల్ రేషియో అంటే డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) పెద్ద పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళు, దాన్ని తిప్పే చిన్న పినియన్‌కి ఎన్ని పళ్ళు అన్న భాగహారం అంతే. 45 ని 14 తో భాగిస్తే 3.21. 47 ని 12 తో భాగిస్తే 3.92. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదటిదాంట్లో మూడుంపావుకి కాస్త తక్కువ చుట్లు, రెండోదాంట్లో దాదాపు నాలుగు చుట్లు తిరగాలి.

ఇప్పుడు ఆర్పీఎం. మైళ్ళ స్పీడుని 336 తో గుణించి, యాక్సిల్ రేషియోతో గుణించి, ఆ గేరు రేషియోతో గుణించి, టైరు ఎత్తు ఎన్ని అంగుళాలో దాంతో భాగించాలి. ర్యామ్‌కి 275/55 ఆర్20 టైరు అంటే సుమారు 31.9 అంగుళాలు. ఎనిమిదో గేరు 0.67. 70 మైళ్ళ దగ్గర 3.21 అయితే 1580 చుట్టుపక్కల తిరుగుతుంది, 3.92 అయితే 1930 చుట్టుపక్కల. అంటే 350 ఆర్పీఎం, 22 శాతం ఎక్కువ. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఇంజిన్ 22 శాతం ఎక్కువ తిరిగింది కాబట్టి గ్యాస్ కూడా 22 శాతం ఎక్కువ అనుకుంటారు, అది కాదు.

బండిని 70 మీద నడపడానికి గాలినీ టైర్ల రాపిడినీ తట్టుకోవడానికి కావలసిన పవర్ యాక్సిల్ ఏదైనా ఒకటే, ఈ సైజు ట్రక్కుకి చదును రోడ్డు మీద సుమారు 40 హార్స్ పవర్. అదే 40 ని 1580 దగ్గర తియ్యాలంటే ఇంజిన్ 133 పౌండ్-ఫీట్ టార్క్ ఇవ్వాలి, 1930 దగ్గర అయితే 109 చాలు. తక్కువ ఆర్పీఎం, ఎక్కువ లోడు అంటే త్రాటిల్ కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది, గాలి పీల్చుకోవడానికి ఇంజిన్ పడే పాట్లు తగ్గుతాయి, లోపల పిస్టన్ల రాపిడి కూడా తగ్గుతుంది. లాభం వచ్చేది అక్కడ. అది ఉంది, కాదనను, కానీ అది కొన్ని శాతాల మాటే. ఖాళీ బండికి ఒక మైలు, మహా అయితే ఒకటిన్నర అనుకో.

ఫ్రిస్కో_కుర్రాడు:
థాంక్స్ అన్నా. ఒక్క మైలు తేడా అంటే డబ్బుల్లో ఎంత అవుతుందో కూడా చెప్పేస్తే పని అయిపోద్ది.

పినియన్:
ఏడాదికి 12000 మైళ్ళు తిరిగావనుకో. 20 ఇస్తే 600 గ్యాలన్లు, 19 ఇస్తే 632 గ్యాలన్లు. 32 గ్యాలన్లు, గ్యాలన్ 3 డాలర్ల లెక్కన 96 డాలర్లు. ఏడాది మొత్తానికి. నువ్వు బోటు లాగడం మొదలుపెడితే ఇందులో ఎంత మిగులుతుందో తర్వాత మాట్లాడదాం, ఎందుకంటే లోడు పడ్డాక లెక్క వేరు.

కాటీ_బిర్యానీ:
లోడు మాట నేను చెప్తా. మాకు హ్యూస్టన్‌లో బిర్యానీ ఫుడ్ ట్రైలర్ ఉంది, నీళ్ళ ట్యాంకు నింపి, జెనరేటర్, గ్యాస్ సిలిండర్లు, గిన్నెలు అన్నీ ఎక్కిస్తే 6000 పౌండ్లు దాటుతుంది, పైగా ముందు భాగం గోడలాగ నిటారుగా ఉంటుంది. ముందు ఉన్న ట్రక్కు 3.21, ఇప్పుడున్నది 3.92, రెండూ హెమీలే. ఖాళీగా తిరిగినప్పుడు పాతదే నయం, ఒప్పుకుంటా. కానీ ట్రైలర్ తగిలిస్తే పాతదాంట్లో హైవే మీద ఎనిమిదో గేరు అసలు పడేదే కాదు, ఏడు నుంచి ఆరుకి, ఆరు నుంచి ఏడుకి ఊరికే మారుతూ ఉండేది, చిన్న ఫ్లైఓవర్ ఎక్కినా ఇంజిన్ ఒక్కసారిగా అరిచేది. ఇప్పుడున్నది ఒక గేరు పట్టుకుంటే దాంట్లోనే కూర్చుంటుంది. ట్రైలర్‌తో మైలేజ్ రెండిటికీ 9-10 మధ్యే, తేడా నాకైతే కనపడలేదు. తేడా అంతా నా ప్రాణానికి, క్యాటరింగ్ టైముకి చేరాలన్న టెన్షన్‌లో బండి కూడా టెన్షన్ పెట్టకపోవడం చాలా పెద్ద విషయం.

హెమీ_మామ:
అక్కా మీది గోడలాంటి ట్రైలర్, అతనిది బోటు, గాలికి అడ్డం పడదు. 5000 పౌండ్ల బోటుని 3.21 సుబ్బరంగా లాగుతుంది, నేను లాగుతున్నా కాబట్టే చెప్తున్నా.

పినియన్:
కాటీ అక్క చెప్పిన గేర్ల విషయం దగ్గరే అసలు సంగతి ఉంది, దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి.

ర్యామ్ ఎయిట్ స్పీడ్‌లో ఆరో గేరు 1.00, ఏడోది 0.84, ఎనిమిదోది 0.67. వీటిని యాక్సిల్‌తో గుణించండి. 3.21 బండి ఏడో గేరులో 2.70 వస్తుంది. 3.92 బండి ఎనిమిదో గేరులో 2.63 వస్తుంది. దాదాపు ఒకటే! అలాగే 3.21 ఆరో గేరు 3.21, 3.92 ఏడో గేరు 3.29. మళ్ళీ దాదాపు ఒకటే. అంటే 3.92 అనేది వేరే బండేమీ కాదు, అదే నిచ్చెనని ఒక మెట్టు కిందికి జరిపి పెట్టారు అంతే. 3.21 వాడికి పైన ఒక పొడుగాటి గేరు అదనంగా ఉంటుంది, 2.15 అన్నమాట, ఖాళీగా చదును రోడ్డు మీద అది పనికొస్తుంది. 3.92 వాడికి కింద ఒక బలమైన గేరు అదనంగా ఉంటుంది, ఫస్ట్ గేరులో 18.5 కి దగ్గర, 3.21 కి 15 మాత్రమే. బోట్ ర్యాంపు మీద తడి కాంక్రీట్ నుంచి బోటుని పైకి లాగేటప్పుడు తేడా తెలిసేది అక్కడ.

ట్రైలర్ తగిలించి టో మోడ్ (లోడు లాగేందుకు గేర్లని సర్దే సెట్టింగు) పెట్టాక 3.21 వాడు ఆ పొడుగాటి గేరుని ఎలాగూ వాడుకోలేడు. ఇద్దరూ ఒకే మొత్తం రేషియోలో ఒకే ఆర్పీఎంలో నడుస్తారు. అందుకే అక్కకి రెండు బళ్ళలోనూ మైలేజ్ ఒకటే వచ్చింది.

ఆటోనగర్_అబ్బాయి:
విజయవాడ నుంచి. మా నాన్నగారికి ఆటోనగర్‌లో హౌసింగ్ (లారీ వెనక యాక్సిల్) పని చేసే షాపు ఉంది, చిన్నప్పటి నుంచి క్రౌన్ పినియన్‌ల మధ్య పెరిగాను కాబట్టి ఈ చర్చ చూసి ఆగలేకపోయా. ఇక్కడ పాత టాటా లారీలకి 41/6, 41/7 అని క్రౌన్ సెట్లు (పెద్ద చక్రం పళ్ళు/పినియన్ పళ్ళు) ఉంటాయి, ఓనరు వచ్చి ముందు చెప్పేది ఏ రూట్లో తిప్పుతాడో అన్నదే. ఘాట్ రోడ్డు, ఇసుక, కంకర లోడు అంటే 41/6, హైవే మీద చెన్నై, కలకత్తా లైను అంటే 41/7. డీజిల్ కలిసొస్తుందని ఘాట్‌లో తిరిగే బండికి 41/7 వేయించుకున్నవాళ్ళు క్లచ్ ప్లేట్లు మార్చుకోవడానికి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు, డీజిల్‌లో మిగిలింది అక్కడ పోయేది. ఆ లారీలకి అయిదారు గేర్లే కాబట్టి క్రౌన్ మార్చడం తప్ప వేరే దారి లేదు. మీ బళ్ళకి ఎనిమిది గేర్లు అంటున్నారు, అన్ని గేర్లు ఉంటే క్రౌన్ ప్రభావం తగ్గాలి కదా పినియన్ గారూ?

పినియన్:
కరెక్టుగా పట్టుకున్నారు. అమెరికాలో కూడా ఒకప్పుడు అంతే. 70ల్లో పికప్‌కి మూడు గేర్ల ఆటోమేటిక్, ఓవర్‌డ్రైవ్ (1.00 కన్నా తక్కువ రేషియో ఉన్న గేరు) లేదు, టాప్ గేరు అంటే 1.00. మైలేజ్ కావాలంటే యాక్సిల్ ఒక్కటే దిక్కు, అందుకే ఆ రోజుల్లో 2.73 యాక్సిల్‌తో కూడా పికప్‌లు అమ్మారు. 82 లో జీఎం నాలుగు గేర్ల ఓవర్‌డ్రైవ్ తెచ్చాక, తర్వాత వచ్చిన వాళ్ళ సిల్వరాడో పికప్‌ల్లో టాప్ 0.70, మూడోది 1.00, ఆ రెండిటి మధ్య పెద్ద గొయ్యి. 3.08 యాక్సిల్‌తో ట్రైలర్ లాగితే నాలుగులో లాగలేక మూడులోకి పడితే ఆర్పీఎం ఒక్కసారిగా 40 శాతం పైన లేచేది. 3.73 ఉన్నవాడు నాలుగులోనే ఉండి తక్కువ తాగేవాడు. మైలేజ్ కోసం 3.08 కొనుక్కుని లోడు మీద ఎక్కువ తాగించుకోవడం అంటే ఇదే. ఫోరమ్స్‌లో ఇప్పటికీ చెప్పుకునే మాటలు చాలావరకు ఆ కాలంవి. ఇప్పుడు ఫోర్డ్, జీఎం కలిసి చేసిన టెన్ స్పీడ్‌లో గేర్ల మధ్య దూరాలు చాలా చిన్నవి, పదో గేరు 0.64. ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో 3.55 కి 3.73 కి మధ్య 70 దగ్గర తేడా 80-90 ఆర్పీఎం, దానికోసం బండి వదులుకునేవాళ్ళని చూస్తే బాధగా ఉంటుంది.

డెన్వర్_తమ్మి:
అన్నా మీరంత టెక్సాస్ చదును మీద ఉండి మాట్లాడుతున్రు, కొండల సంగతి కూడా చెప్పుకోవాలె కద. నేను కొలరాడోల ఉంట, ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాక ఎక్కాలంటే 11000 అడుగుల ఎత్తు. టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం పవర్ పోతది, అంటే పైకి పోయేసరికి మూడోవంతుకి దగ్గర పోయినట్టే. హెమీకి టర్బో లేదు. గక్కడ క్యాంపర్ గుంజాలంటే కింద గేర్లు ఎంత బలంగ ఉంటె అంత మంచిది. దిగేటప్పుడు గూడ 3.92 ల ఇంజిన్ బ్రేకింగ్ మస్తు దొరుకుతది, బ్రేకులు కాలవు. మైలేజ్ గురించి గట్ల ఒక్క మైలు చూసుకుంట కూసుంటె కొండ మీద పరేషాన్ అయితవు. టర్బో ఉన్న ఫోర్డ్ ఎకోబూస్ట్ ఇంజిన్ తీసుకున్నోళ్ళకి ఎత్తు బాధ చాల తక్కువ, వాళ్ళు పొడుగు యాక్సిల్ (చిన్న నంబరుది) తోని కూడ నడిపించుకుంటరు.

హెమీ_మామ:
ఫ్రిస్కో నుంచి టెక్సోమాకి ఏ కొండ ఉంది తమ్మీ? అతను అడిగినదానికి సమాధానం చెప్దాం. పైగా లోడు తక్కువున్నప్పుడు ఎనిమిదిలో నాలుగు సిలిండర్లు ఆపేసే మోడ్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 3.21 తో 65 దగ్గర సగం సేపు నాలుగు సిలిండర్ల మీదే నడుస్తుంది నా బండి.

పినియన్:
మామగారూ ఆ మోడ్ విషయంలో 3.92 కే కాస్త అనుకూలం. హెమీ నాలుగు సిలిండర్లని ఎప్పుడు ఆపుతుందంటే మిగిలిన నాలుగు ఇవ్వగలిగినంత టార్క్‌తో పని జరిగినప్పుడు. 3.21 లో ఇంజిన్‌ని ఎక్కువ టార్క్ అడుగుతున్నాం కాబట్టి ఎదురుగాలి వచ్చినా చిన్న ఎత్తు వచ్చినా ముందుగా ఎనిమిదిలోకి వెళ్ళిపోతుంది. 3.92 లో తక్కువ టార్క్ చాలు కాబట్టి ఇంకాస్త సేపు నాలుగులో ఉండగలదు. కాగితం మీద 22 శాతం ఆర్పీఎం తేడా రోడ్డు మీద అంత చిన్నగా కనపడటానికి ఇదీ ఒక కారణం.

ఇంకో మాట, మీ 22 డ్యాష్‌బోర్డ్ మీద చూసిందా, పంపు దగ్గర నింపి లెక్కేసిందా? డ్యాష్‌బోర్డ్ నంబరు కాస్త ఉదారంగా చూపించడం చాలా బళ్ళలో ఉంది.

హెమీ_మామ:
డ్యాష్‌బోర్డే. ఈసారి నింపినప్పుడు చేత్తో లెక్క కట్టి పెడతా. కానీ నా బావమరిదిది కూడా డ్యాష్‌బోర్డే కాబట్టి తేడా తేడాయే.

సాక్రమెంటో_స్వాతి:
నేను ఆటోమొబైల్ సైడ్ కాదు గానీ కొనేముందు చాలా చదివాను కాబట్టి ఒకటి చెప్తాను. కిటికీ మీద అంటించే ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) మైలేజ్ స్టిక్కర్ చూసి రేషియోల మధ్య తేడా తెలుసుకుందాం అనుకుంటే కుదరదు, యాక్సిల్ ఏదైనా అదే నంబరు వేస్తారు. 2019 ర్యామ్ హెమీ 4×4 కి ఊళ్ళో 15, హైవే 21, కలిపి 17 అని ఉంటుంది. అదే బండికి ఇ-టార్క్ ఉంటే 17, 22, కలిపి 19. అంటే ఆ చిన్న బ్యాటరీ సిస్టమ్ వల్ల వచ్చే తేడా మీరందరూ కొట్టుకుంటున్న యాక్సిల్ తేడా కన్నా ఎక్కువ. ఫ్రిస్కో గారూ మీరు చూసిన రెండు బళ్ళలో ఇ-టార్క్ ఏదానికైనా ఉందా? ముందు అది చూడండి.

ఫ్రిస్కో_కుర్రాడు:
అరె ఈ యాంగిల్ ఎవరూ చెప్పలేదు థాంక్స్ అండీ. చూశాను, రెండిటికీ లేదు. 3.92 బండికి మాత్రం ముందు ఓనరు 35 అంగుళాల టైర్లు వేయించాడు, రెండంగుళాలు లేపించాడు కూడా. అసలు టైర్లు గ్యారేజ్‌లో ఉన్నాయి ఇస్తారంట. దీనివల్ల లెక్క మారుతుందా?

పినియన్:
చాలా మారుతుంది, ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సిన ముక్క. 35 అని రాసి ఉన్న టైరు బరువు పడ్డాక, గాలి నింపాక నిజంగా 34.5 ఉంటుందనుకుందాం. 31.9 బదులు 34.5 అంటే 3.92 కాస్తా 3.62 లాగ పనిచేస్తుంది. సరే ఆర్పీఎం తగ్గింది కాబట్టి మైలేజ్ పెరగాలి కదా అంటే పెరగదు, తగ్గుతుంది. ఆ టైర్లు బరువు, ట్రెడ్ మొరటు, రాపిడి ఎక్కువ, బండి పైకి లేచింది కాబట్టి కింద నుంచి గాలి ఎక్కువ పోతుంది. యాక్సిల్ మార్చడం వల్ల పోయేదానికన్నా ఆ టైర్లూ ఆ లిఫ్టూ తినేది చాలా ఎక్కువ.

దీంతో పాటు ఒక లెక్క తప్పు కూడా జరుగుతుంది. కంప్యూటర్‌కి కొత్త టైరు సైజు చెప్పకపోతే ఓడోమీటర్ 8 శాతం తక్కువ మైళ్ళు చూపిస్తుంది. వంద మైళ్ళు తిరిగితే 92 అని చూపిస్తుంది, గ్యాస్ మాత్రం వందకి సరిపడా పడుతుంది. పెద్ద టైర్లు వేశాక మైలేజ్ ఘోరంగా పడిపోయింది అని రాసేవాళ్ళలో కొంతమందికి పడిపోయింది మైలేజ్ కాదు, మీటరు. అసలు టైర్లు తిరిగి వేయించుకుంటే ఈ గొడవే ఉండదు, లిఫ్ట్ కూడా తీయించగలిగితే తీయించు.

డెన్వర్_తమ్మి:
పెద్ద టైర్ల మీదనే నడుపుకుంట అంటే మాత్రం 3.21 బండి ముట్టకు. 3.21 మీద 35 లు ఏస్తే అది 2.97 లెక్క అయితది, గప్పుడు ఎనిమిదో గేరు ఉన్నా లేనట్టే. తర్వాత యాక్సిల్ మార్పిద్దాం అనుకుంటే 4×4 కి ముందూ వెనకా రెండూ ఒకటే రేషియో పెట్టాలె, ఒక్కటి మారిస్తె ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందుకి వెనక్కి పవర్ పంచే డబ్బా) పోతది. రెండిటికి లేబర్‌తోని కలిపి 2000 డాలర్ల పైననే అయితది. ఏడాదికి వంద డాలర్ల గ్యాస్ కోసం మొదలుపెట్టి గదెక్కడికి పోయినం సూడు.

కాటీ_బిర్యానీ:
క్యాంపర్ ఎన్ని పౌండ్లది చూస్తున్నారు తమ్ముడూ? ఎందుకంటే మైలేజ్ కన్నా ముందు చూసుకోవాల్సింది కంపెనీ ఇచ్చే టోయింగ్ లిమిట్. క్రూ క్యాబ్ హెమీకి 3.21 కి, 3.92 కి మధ్య దాదాపు 3000 పౌండ్ల తేడా ఉంటుంది. ఖాళీ క్యాంపర్ బరువు చూసి కొనేస్తారు అందరూ, నీళ్ళు, సామాన్లు, పిల్లల సైకిళ్ళు అన్నీ ఎక్కాక వెయ్యి పౌండ్లు ఇట్టే పెరుగుతుంది.

పినియన్:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఆ లిమిట్ గాల్లోంచి వచ్చింది కాదు, ఎస్ఏఈ (ఆటో ఇంజినీర్ల సంఘం) జే2807 అని ఒక పరీక్ష పద్ధతి ఉంది, అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తు మీద 11 మైళ్ళ పైచిలుకు, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఏసీ ఫుల్ పెట్టి, ఆ బరువు లాగుతూ మామూలు పికప్ గంటకి 40 మైళ్ళ కన్నా కిందికి పడకుండా ఎక్కగలగాలి. ఆగి ఉన్న చోటు నుంచి ఎత్తు మీద కదలగలగాలి కూడా. పొడుగు యాక్సిల్ ఉన్న బండి ఇలాంటి చోటే వెనకపడుతుంది, అందుకే లిమిట్ తగ్గుతుంది.

మైలేజే కావాలంటే స్పీడ్ మీద చెయ్యి పెట్టు కుర్రాడా. గాలి అడ్డం స్పీడుకి వర్గం లెక్కన పెరుగుతుంది. 65 నుంచి 75 కి వెళ్తే ప్రతి మైలుకీ గాలి మీద పెట్టే బలం 33 శాతం పెరుగుతుంది. 3.92 బండిని 67 లో నడిపేవాడు 3.21 బండిని 77 లో నడిపేవాడికన్నా తక్కువ గ్యాస్ కొడతాడు, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. టోల్ రోడ్ మీద అందరూ 80 లో పోతుంటే కుదరదంటావు, అప్పుడు కుడి లేన్ ఉంది.

హెమీ_మామ:
సరే క్యాంపర్ 7000 దగ్గరికి వచ్చేదైతే నేను కూడా 3.92 అనే అంటా. బోటు ఒక్కటే అయితే, ఏడాదికి పాతిక వేల మైళ్ళు ఖాళీగా తిరిగేవాడైతే నా ఓటు ఇప్పటికీ 3.21 కే. ఏడాదికి రెండొందల డాలర్లు, పదేళ్ళు ఉంచుకుంటే రెండు వేలు, అది చిన్న డబ్బు అని నేను ఒప్పుకోను.

ఆటోనగర్_అబ్బాయి:
మామగారి లెక్క కూడా న్యాయంగానే ఉంది. లోడు ఎక్కని బండికి బలమైన క్రౌన్ వేస్తే అది జీవితాంతం అనవసరంగా తిరుగుతూనే ఉంటుంది. మా నాన్నగారు కూడా అదే అడుగుతారు, నెలలో ఎన్ని రోజులు లోడు మీద ఉంటుంది అని.

ఫ్రిస్కో_కుర్రాడు:
అందరికీ చాలా చాలా థాంక్స్. ఆవిడతో మాట్లాడా, చూస్తున్న క్యాంపర్ ఖాళీగానే 6200 పౌండ్లు, అంటే నిండాక 7000 దాటేస్తుంది. కాబట్టి 3.92 బండికే వెళ్తున్నా, అసలు టైర్లు తిరిగి వేసి ఇస్తేనే అని చెప్పా, లిఫ్ట్ తీయించే ఖర్చు రేటులో తగ్గించమని అడుగుతున్నా. చివరి ప్రశ్న, అది నిజంగా 3.92 యేనా అని ఎలా తెలుసుకోవాలి? లిస్టింగ్‌లో రాసింది నమ్మాలని లేదు.

పినియన్:
మూడు దారులు. విన్ నంబరుతో (బండి గుర్తింపు నంబరు) బిల్డ్ షీట్ (కంపెనీలో బండికి ఏమేం బిగించారో ఉండే కాగితం) తెప్పించుకో, అందులో యాక్సిల్ రేషియో స్పష్టంగా ఉంటుంది, కానీ మధ్యలో ఎవరైనా మార్పించి ఉంటే అది చెప్పదు. రెండోది, ట్యాగ్ ఊడిపోకపోతే డిఫరెన్షియల్ కవర్ బోల్టు దగ్గర చిన్న రేకు మీద ఉంటుంది.

మూడోది చేత్తో చూసుకోవడం. టైర్లు పెద్దవి వేయించాడంటున్నావు కాబట్టి ఇది తప్పకుండా చెయ్యి. వెనక యాక్సిల్‌ని స్టాండ్ల మీద లేపించు, ముందు చక్రాలకి అడ్డం పెట్టించు, న్యూట్రల్‌లో పెట్టు. టైరు మీదా ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదా చాక్‌పీస్ గీత గియ్యి. రెండు వెనక చక్రాలూ ఒకే వైపు తిరుగుతుంటే చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడు. రెండో చక్రం వ్యతిరేక దిశలో తిరిగితే అది మామూలు డిఫరెన్షియల్, అప్పుడు రెండో చక్రాన్ని కదలకుండా ఎవరినైనా పట్టుకోమని ఇవతలి చక్రాన్ని రెండు చుట్లు తిప్పు. నాలుగుకి ఆవగింజంత తక్కువ వస్తే 3.92, మూడుంపావు దగ్గర ఆగితే 3.21, అంటే ఆ బండి నీకు అక్కర్లేదు. బిల్డ్ షీట్‌లో ఉన్న యాక్సిల్ రేషియో కూడా దీంతో కలిసిందో లేదో చూసుకుని అప్పుడు డబ్బులు కట్టు.